పాత కారు, పాత స్టీరియో, పాత చెవులు



ఈసారి వినికిడి గురించి రాయదలచుకున్నాను. అయితే చెవుల దాకా వచ్చే ముందు నా పాత కారు గురించీ, అందులో బిగించుకున్న ఒక పాత స్టీరియో గురించీ కొంత చెప్పవలసి ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నాకు వినికిడి తగ్గిందని మొట్టమొదట కనిపెట్టినవాడు మరొక వైద్యుడు కాదు. కళ్యాణదుర్గంలో కార్లకు కరెంటు పని చేసే ఒక యువకుడు.

మాటలు తగ్గిన ప్రయాణం

మాది కుందుర్పి. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతం. ఊరికి ఒక కొండ, కొండ మీద పాత కోట ఉన్నాయి. మా జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా వేరుశనగకు కావలసిన వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. ఆషాఢం వస్తే వానకంటె ముందు గాలి వస్తుంది. ఆ గాలిలో మాట్లాడుకోవాలంటే ఎవరైనా గొంతు పెంచవలసిందే.

ఉద్యోగ విరమణ తరువాత నేనూ మా ఆవిడా సొంత ఊరిలోనే స్థిరపడ్డాము. నెలకు ఒకటి రెండుసార్లు కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం వెళ్లి వస్తుంటాము. ఆమె మధుమేహ పరీక్షలు, బ్యాంకు పనులు, బంధువుల ఇండ్లలో శుభకార్యాలు, ఇలా ఏదో ఒక పని ఉంటుంది. నా కారు 1998లో కొన్న మారుతి 800. మన దేశంలో 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ చిన్న కారును ఎరుగని తెలుగువారు ఉండరు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషను గడువు తీరితే, తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకుంటూ వచ్చాను. పిల్లలు మార్చమంటారు. రోగి నడుస్తున్నంత కాలం మంచాన పడవేయకూడదని నేనంటాను.

ఆ కారులో వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఒకప్పుడు ఆ సమయం తెలిసేది కాదు. దారి పొడుగునా మా ఆవిడ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఎవరి పొలంలో బోరు ఎండిపోయింది, ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరింది, ఏ గాలిమర ఆగిపోయి ఉంది, ఇలా అన్నీ ఆమె నోటి వెంట వినేవాణ్ణి. గడచిన నాలుగైదేళ్లలో ఆ మాటలు క్రమంగా తగ్గిపోయాయి. వయస్సు పైబడితే మాటలు తగ్గడం సహజమేనని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చునేది. నేను రోడ్డు చూస్తూ నడిపేవాణ్ణి.

ఆ నిశ్శబ్దాన్ని భరించలేకనే కారులో ఒక స్టీరియో పెట్టించాలనుకున్నాను. పాతికేళ్ల కారుకు కొత్త స్టీరియో ఎందుకని, తుక్కుకు పోతున్న మరో కారులోనుండి తీసిన సెట్టును పన్నెండు వందలకు బేరమాడి కొన్నాను. తలుపులకు రెండు, వెనుక పలకకు రెండు, మొత్తం నాలుగు స్పీకర్లు మరో వెయ్యి రూపాయలు.

రాగి తీగ చుట్టిన ఫ్యూజు

బిగించడానికి కళ్యాణదుర్గంలో ఒక చిన్న అంగడికి వెళ్లాము. ఆ యువకుడికి ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. సెట్టును చేతిలోకి తీసుకుని బిగించే ముందు వెనక్కి తిప్పి చూశాడు. రోగి నాలుకకంటె ముందు కంటి కింద రెప్ప చూసే వైద్యుడిలాగా.

"డాక్టరు సారూ, ఇది చూడండి. ఫ్యూజు తీసేసి రాగితీగ చుట్టినారు. ఎవురో తెలివైనోడు చేసిన పని. ఇట్లే బిగించింటే ఏదో ఒకనాడు బండి కాలిపోతాండె."

ఫ్యూజు అంటే సర్క్యూటులో కావాలని పెట్టుకున్న బలహీనమైన చోటు. ఎక్కడైనా వైరు వైరుకు తగిలి విద్యుత్తు మితిమీరి ప్రవహిస్తే, ముందుగా ఆ సన్నని తీగ కరిగి తెగిపోతుంది, మిగతా వైర్లు దక్కుతాయి. దాని స్థానంలో లావుపాటి రాగి తీగ చుడితే స్టీరియో పాడుతుంది గాని, తేడా వచ్చిననాడు కరిగేది డ్యాష్‌బోర్డు వెనుక వైర్ల కట్ట. కారు బ్యాటరీ పన్నెండు వోల్టులే గదా, షాకు కొట్టదు గదా అని చాలామంది తేలికగా తీసుకుంటారు. షాకు కొట్టకపోవచ్చు. నిప్పు పుట్టించడానికి మాత్రం ఆ బ్యాటరీకి చాలినంత శక్తి ఉంది.

అతడు పని చేస్తుండగా పక్కన నిలబడి చూశాను. విడిగా అమ్మే సెట్లలో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీకి నేరుగా పోతుంది. గడియారాన్నీ, మనం పెట్టుకున్న స్టేషన్లనూ గుర్తుంచుకునేది అదే. ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడే విద్యుత్తు అందే చోటికి పోతుంది. ఈ రెంటినీ ఒకటిగా కలిపేస్తే సెట్టు పనిచేస్తుంది గాని, కారు పది రోజులు కదలకుండా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. నల్లవైరు కారు లోహపు ఒంటికి, రంగు గీకి శుభ్రం చేసిన చోట గట్టిగా బిగించాలి. స్పీకర్లకు తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగుల జతలు ఉంటాయి. జతలో నల్లచార ఉన్న వైరును ఒంటికి తగిలించకూడదు. తగిలితే సెట్టు దెబ్బతింటుంది. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టి వదలక, అతుకు పెట్టి, పైన గొట్టం తొడిగాడు. తలుపు సందులోనుండి వైరు పోయే చోట రబ్బరు తొడుగు వేశాడు. చివరన కొత్త ఫ్యూజు వేసి, "ఇప్పుడు భయం లేదు సార్" అన్నాడు.

సెకండ్ హ్యాండ్ సామాను కొనేవారికి నా సలహా ఇదే. సెట్టు పాడుతుందా అని మాత్రమే చూసి సంతోషపడకండి. వెనుక ఉన్న ఫ్యూజు అసలుదేనా, ఎన్ని ఆంపియర్లదో అన్నదే ఉందా అని చూడండి. తెగిన ఫ్యూజు మళ్లీ మళ్లీ తెగుతుంటే అది కారు మీకు చెబుతున్న లక్షణం. లక్షణాన్ని అణచిపెట్టి జబ్బును వదిలివేయకూడదు.

కుడివైపు పలకని స్పీకరు

తిరుగు ప్రయాణంలో అనంతపురం ఆకాశవాణి పెట్టుకున్నాను. కళ్యాణదుర్గం దాటాక మనుమడు పెన్‌డ్రైవులో ఎక్కించి పంపిన ఘంటసాల పాటలు. అంతా బాగుంది గాని, ఎడమవైపు వినిపించినంతగా కుడివైపు వినిపించడం లేదు. ఎడమ కుడి సమం చేసే మీటను కుడికి తిప్పుతూ పోయి చివరిదాకా తిప్పాను. మాటలు స్పష్టంగా లేవనిపించి సన్నని స్వరాలు పెంచే ట్రెబుల్ మీటను కూడా చివరిదాకా పెంచాను. ధ్వని అంకె నలభై దాటింది.

పక్కన మా ఆవిడ రెండు చెవులలోనూ దూది పెట్టుకుని కూర్చుంది. గాలి తగలకుండా పెట్టుకుందనుకున్నాను.

పది రోజుల తరువాత అదే అంగడికి వెళ్లి, కుడి స్పీకరు పాతది అంటగట్టావని కొంచెం కటువుగానే అన్నాను. అతడు మారు మాట్లాడకుండా నా సీటులో కూర్చున్నాడు. స్టీరియో పెట్టీ పెట్టగానే ఉలిక్కిపడి ధ్వని తగ్గించాడు.

"ఇంత పెట్టుకుంటారా సార్? ట్రెబుల్ ఇట్లుంటే చెవులు కోసినట్ల ఉండాది." మీటలన్నీ మధ్యకు తెచ్చి కాసేపు విన్నాడు. "రెండు పక్కలా సమంగానే ఉండాది సార్."

నేను నమ్మలేదు. ఈ కాలపు పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెవులు పాడుచేసుకున్నారు, వీడికేం తెలుస్తుందని మనస్సులో అనుకున్నాను. అతడు ఓపికగా కుడి స్పీకర్ల వైర్లు ఎడమకూ, ఎడమవి కుడికీ మార్చాడు. దోషం సెట్టులో ఉంటే ఇప్పుడు ఎడమవైపు తగ్గాలి. నన్ను కూర్చోబెట్టి వినమన్నాడు. కుడివైపే తగ్గి ఉంది. సెట్టు బాగానే ఉందన్నమాట. అయితే స్పీకరే పోయిందన్నాను.

అతడు ఒక క్షణం ఆలోచించి, "సార్, తప్పుగా అనుకోవద్దు. ఒకసారి వెనక్కి తిరిగి, వెనక సీటు దిక్కు చూస్తా కూచోండి" అన్నాడు.

డెబ్బై నాలుగేళ్ల వయస్సులో మారుతి 800 ముందు సీటులో మోకాళ్లు మడిచి వెనక్కి తిరగడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తిరిగాను. ఇప్పుడు కుడి తలుపు స్పీకరు నా ఎడమ చెవి వైపుకు వచ్చింది. అది చక్కగా పలుకుతోంది. ఎడమ తలుపు స్పీకరు మూగపోయింది.

అతడేమీ అనలేదు. స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ అవతలికి చూశాడు. నేను కూడా ఏమీ అనలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

శ్రుతిదండం చెప్పిన మాట

కర్నూలు వైద్య కళాశాలలో చదువుకునే రోజులలో మా ఆచార్యులు రోగి రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి, తాము విన్నది మాకు చెప్పకుండా, మేమేమి విన్నామో ముందు అడిగేవారు. ఎక్స్‌రే లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఏళ్ల తరబడి నేను నమ్ముకున్నది ఈ చెవులనే. వాటిని ఎవరైనా శంకిస్తే నాకు కోపం వచ్చేది. అందుకే ఆ రాత్రి ఇంటికి రాగానే పాత పెట్టె వెదికి 512 హెర్ట్‌జ్ శ్రుతిదండాన్ని బయటికి తీశాను. దానిని కొట్టి నుదుటి మధ్య ఆనించుకుంటే, రెండు చెవులూ సమంగా ఉన్నవారికి ధ్వని మధ్యలో వినిపిస్తుంది. చెవి నాడి దెబ్బతింటే మంచి చెవి వైపు వినిపిస్తుంది. చెవి దారిలో ఏదైనా అడ్డం పడితే, వింతగా, అడ్డం పడిన చెవిలోనే ఎక్కువగా వినిపిస్తుంది. బయటి ధ్వనులు లోపలికి రాకపోవడం వలన ఎముక ద్వారా వచ్చే ధ్వని అక్కడ బాగా తెలుస్తుంది.

నాకు కుడి చెవిలో వినిపించింది. అడ్డమేనని తేలి కొంత ఊరట కలిగింది.

మరునాడు అనంతపురం వెళ్లి, చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపించుకున్నాను. నాకంటె ముప్పై ఏళ్లు చిన్నవాడు. కుడి చెవిలో గట్టిపడిన గులిమి కర్ణభేరిని పూర్తిగా కప్పేసి ఉంది. చుక్కల మందుతో మెత్తబరచి, మూడు రోజుల తరువాత తీశాడు. తీసిన క్షణాన గదిలోని ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా నా మీద పడినట్లయింది. పని ముగిసిందని లేవబోయాను.

"కూర్చోండి సార్. మీరైతే మీ రోగిని ఇక్కడితో పంపించేవారా?" అని ఆడియోగ్రాము తీయించాడు. చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క స్వరాన్నీ ఎంత మెల్లగా వినగలమో కొలిచే పరీక్ష అది. 500 హెర్ట్‌జ్ దగ్గర 20 డెసిబెళ్లు, 1000 దగ్గర 30, 2000 దగ్గర 45, 4000 దగ్గర 65. సగటు 40. రెండు చెవులలోనూ దాదాపు ఒకటే గీత, కొండ వాలు దిగినట్లు కిందికి జారుతూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 35 నుండి 50 లోపు ఉంటే మధ్యస్థాయి వినికిడి లోపం. గులిమి నన్ను ఒక చెవిలో మాత్రమే మోసగించింది. వయస్సు రెండు చెవులలోనూ ఎంతో కాలంగా పని చేస్తూ వచ్చింది.

మూడుసార్లు చెప్పిన మాట

ఇంటికి వచ్చి ఆడియోగ్రాము మా ఆవిడకు చూపించి, గీత ఎందుకు జారుతుందో వివరించబోయాను. ఆమె కాగితం వైపు చూడలేదు.

"నాకు తెలుసండీ" అంది. "నాలుగేళ్లుగా తెలుసు. చెబితే మీరు నేనే గొణుగుతున్నానన్నారు. గట్టిగా చెబితే ఎందుకు అరుస్తావన్నారు. నేను మాట్లాడటం మానలేదు. మూడుసార్లు చెప్పిన మాట నాలుగోసారి చెప్పడం మానుకున్నాను."

ఆ నిశ్శబ్దాన్ని నింపడానికే గదా నేను స్టీరియో కొన్నది. ఆమె చెవులలో దూది ఎందుకు పెట్టుకుందో అప్పుడు అడగలేదు. అడగనక్కరలేకపోయింది.

మరొక సంగతి కూడా దాచకుండా చెబుతాను. అంతకు కొన్ని నెలల ముందు, పక్క ఊరినుండి ఒక రైతు రాత్రివేళ ఫోను చేశాడు. పంటి నొప్పి, తల బద్దలవుతోంది, వాంతి అయింది అన్నాడు. పారాసిటమాల్ వేసుకుని, తెల్లవారి పంటి డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. అతడు చెప్పింది కంటి నొప్పి. కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, తలనొప్పి, వాంతులు ఉంటే కంటిలో పీడనం హఠాత్తుగా పెరిగిందేమోనని వైద్య విద్యార్థికి కూడా తట్టాలి. గంటలు గడిచేకొద్దీ చూపు పోయే జబ్బు అది. అదృష్టం కొద్దీ అతని కొడుకు, కంటికీ పంటికీ ఏమి సంబంధమని ఆ రాత్రే బండి కట్టించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. చూపు నిలిచింది. తరువాత కలిసినప్పుడు అతడు నవ్వుతూ, "కంటికి బాగలేదంటే పంటి డాక్టరు తావకి పొమ్మంటివి గదా సారూ" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తుకు వస్తే సిగ్గుగా ఉంటుంది.

చెవి ఎలా మోసపోతుంది

కంటికీ పంటికీ ఉన్న తేడా ఒక్క హల్లు. మన మాటలలో అచ్చుల ధ్వని తక్కువ పౌనఃపున్యంలో, బలంగా ఉంటుంది. క, చ, త, ప, స, ష వంటి హల్లులను గుర్తుపట్టించే ధ్వని చాలవరకు 2000 హెర్ట్‌జ్ పైన, బలహీనంగా ఉంటుంది. వయస్సుతో ముందుగా తగ్గేది ఆ పై భాగమే. అందువల్ల మాట వినబడుతుంది, అర్థం కాదు. పాలు, కాలు, చాలు, తాలు అన్నీ ఒకటే అవుతాయి. దానికి తోడు సాధారణ టెలిఫోను పిలుపులో సుమారు 300 నుండి 3,400 హెర్ట్‌జ్ వరకే ధ్వని ప్రయాణిస్తుంది. మిగిలిన కాస్త ఆధారమూ అక్కడ తెగిపోతుంది. నేను ట్రెబుల్ మీటను చివరిదాకా తిప్పడంలో అర్థం ఇదే. నా చెవి పోగొట్టుకున్న హల్లులను కారులో వెదుక్కుంటున్నాను.

లోచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న అవయవం ఉంది. అందులో పుట్టుకతో సుమారు పదిహేను వేల రోమకణాలు ఉంటాయి. ధ్వని తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేవి ఇవే. నత్తగుల్ల ముఖద్వారం దగ్గర ఉన్న కణాలు సన్నని స్వరాలను, శిఖరం దగ్గరివి బొంగురు స్వరాలను గ్రహిస్తాయి. మనిషిలో ఈ కణాలు ఒకసారి చనిపోతే తిరిగి మొలవవు. చెవిలో ఒక చిన్న కండరం పెద్ద శబ్దం వచ్చినప్పుడు బిగుసుకుని కొంత కాపాడుతుంది గాని, అది ఆలస్యంగా స్పందిస్తుంది, త్వరగా అలసిపోతుంది. స్టీరియోకు ఫ్యూజు ఉంది. చెవికి అటువంటిది లేదు.

శబ్దం ఎంత పెద్దదన్నదే కాదు, ఎంతసేపు విన్నామన్నది కూడా ముఖ్యమే. 80 డెసిబెళ్ల ధ్వనిని పెద్దలు వారానికి 40 గంటల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. ఫోనులోని కొలిచే యాప్ ఖచ్చితమైన పరికరం కాకపోయినా, అద్దాలు దించిన నా కారులో నా పాత అలవాటు ప్రకారం స్టీరియో పెట్టి చూస్తే 92 చూపింది. ఆ లెక్కన వారానికి రెండున్నర గంటలే హద్దు. అనంతపురం పోయి వచ్చేసరికి రెండు వారాల కోటా ఒక్కరోజులో ఖర్చయిపోతుంది. నా సంగతి సరే, పక్కన కూర్చున్న ఆమె చెవుల మాటేమిటి?

మా ప్రాంతపు యువకులకు కూడా ఒక మాట. పైకప్పు గది లేని ట్రాక్టరు నడిపేవాని చెవి దగ్గర ఇంజను శబ్దమే చాలాసార్లు 90 డెసిబెళ్లు దాటుతుంది. దానిని మించి పాట వినబడాలని పాత స్టీరియోకు పెద్ద పెట్టెలు తగిలించి రోజంతా దున్నుతున్నారు. సాయంత్రం చెవిలో గుయ్యిమని మోత వస్తే, చెవి దెబ్బ తిన్నదని అర్థం. తెల్లవారేసరికి మోత తగ్గినా, జరిగిన నష్టమంతా పూడినట్లు కాదు.

ఏమి చేయాలి

వినికిడి లోపంతో ఇబ్బంది పడుతూ చికిత్స అవసరమైనవారు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక లెక్క. 60 ఏళ్లు దాటినవారిలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఈ లోపం ఉంది. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాలలో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017 నుండి చెబుతూ వస్తోంది. మాటలు అందని మనిషి నలుగురిలోనుండి తనంతట తాను తప్పుకుంటాడు. దిగులుకూ, మతి తగ్గడానికీ అది దారి తీస్తుంది.

ఇంట్లో వారు టీవీ ధ్వని తగ్గించమంటున్నా, "ఏమిటీ?" అని మీరు తరచు అడుగుతున్నా, అందరూ గొణుగుతున్నారనిపిస్తున్నా వినికిడి పరీక్ష చేయించుకోండి. కారులో స్టీరియో ఉంటే మీటలన్నీ మధ్యకు తెచ్చి, బండి ఆపి ఉంచి వినండి. రెండు వైపులా సమంగా లేకపోతే, మరొకరిని అదే సీటులో కూర్చోబెట్టి అడగండి. ఇది వైద్య పరీక్షకు బదులు కాదు. పరీక్షకు వెళ్లాలని చెప్పే ఆనవాలు మాత్రమే. రెండు చెవుల మధ్య తేడా ఉంటే నిర్లక్ష్యం చేయకూడదు. చాలాసార్లు గులిమే కారణం. అరుదుగా చెవి నాడి మీద గడ్డ కూడా ఉండవచ్చు.

పుల్లలు, పిన్నీసులు, దూది చుట్టిన కడ్డీలు చెవిలో పెట్టకండి. అవి గులిమిని లోపలికి నెడతాయి. కాచిన నూనె పోయకండి. మధుమేహం ఉన్నవారికి చెవిలో చిన్న గీత కూడా పెద్ద ప్రమాదం కాగలదు. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సరు మందులు వినికిడిని దెబ్బతీయగలవు. అవి వాడుతూ చెవిలో మోత, తల తిరుగుడు వస్తే వెంటనే వైద్యునికి చెప్పండి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజులలో ఒక చెవి వినబడకుండా పోతే అది అత్యవసర పరిస్థితి. జలుబనుకుని వారం రోజులు ఆగితే, మందుతో తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

వయస్సుతో వచ్చే లోపానికి మందులు లేవు. వినికిడి యంత్రాలు ఉన్నాయి. కళ్లజోడులాగా పెట్టుకోగానే అంతా సరికాదు. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. మొదటి వారమే చిరాకుపడి పెట్టెలో దాచేవారూ ఉంటారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం కూడా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు విభాగంలో అడగండి.

నేను యంత్రాలు పెట్టుకుని మూడు నెలలు దాటింది. మొదటి రోజు కారు మలుపు తిప్పుతుంటే టిక్కు టిక్కుమని ఏదో శబ్దం. ఇంజను చెడిందేమోనని ఆపబోయాను. "ఇండికేటరండీ, ఎప్పుడూ అలాగే కొట్టుకుంటుంది" అంది మా ఆవిడ. అది కొన్నేళ్లుగా మూగబోయిందనే అనుకుంటూ వచ్చాను. ఆర్పడం మరచి మైళ్ల కొద్దీ వెలిగించి నడిపినందుకు వెనుక వచ్చిన లారీవాళ్లు ఎన్ని తిట్లు తిట్టారో!

మళ్లీ కళ్యాణదుర్గం వెళ్లినప్పుడు ఆ అంగడి ముందు ఆగి, చెవి వెనుక యంత్రం చూపించాను. ఆ యువకుడు తల వంచి దానిని పరిశీలించి, "దీంట్లో ఫ్యూజు ఉండాదా సార్?" అని అడిగాడు. హద్దు మించిన ధ్వనిని అదే తగ్గిస్తుందని చెప్పాను. బాగుందన్నాడు. పాత సెట్టు ఎలా ఉందని అడిగితే, ఉంది, బాగానే పనిచేస్తోందన్నాను.

నిజానికి దాన్ని పెట్టి చాలా రోజులయింది. మొన్న అనంతపురం నుండి వస్తూ ఒకచోట నేనే చెయ్యి చాచాను. మా ఆవిడ, తమ్ముడి కూతురి పెళ్లిలో వడ్డన ఎంత అధ్వాన్నంగా జరిగిందో చెబుతూ ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కుందుర్పి కొండ కనిపించేసరికి ఆమె ఇంకా పప్పు దగ్గరే ఉంది.